జల్లులో వెళ్ళిపోతున్న ఆ మనిషిని వెనుక నుంచి చూసినది ఎవరు?

గోదారిగట్టు
శనివారం, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఒక్క హైకూ దగ్గర ఆగిపోయాను. మీ అందరి సాయం కావాలి.

తనేదా సంతోకా రాసినది. తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. 1882లో జపాన్‌లోని యమగుచి ప్రాంతంలో, హోఫు అనే ఊళ్ళో భూస్వాముల ఇంట పుట్టాడు. పెళ్ళి, కొడుకు, సారా వ్యాపారం, దివాలా, విడాకులు, అన్నీ అయ్యాక 1925లో జెన్ బౌద్ధ భిక్షువయ్యాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో భిక్షాపాత్ర పట్టుకొని బయల్దేరాడు. మధ్యలో ఒకటి రెండు గుడిసెల్లో కొంతకాలం ఆగినా, 1940లో చనిపోయేదాకా నడుస్తూనే ఉన్నాడు. ఆ హైకూను నేను ఇలా తెలుగు చేశాను:

వెనుక నుంచి చూస్తే
వానజల్లులో
వెళ్ళిపోతున్నాడా

ఇంగ్లీషులో వచ్చిన అనువాదాలు చూస్తే ఒకరు ‘నేను’ అన్నారు, ఒకరు ‘అతడు’ అన్నారు. మూలంలో రెండూ లేవట. మన క్రియకు మాత్రం ఎవరో ఒకరు కావాలి. ‘వెళ్ళిపోతున్నానా’ అంటే కవి తన వీపును తాను ఎలా చూసుకున్నాడు? ‘వెళ్ళిపోతున్నాడా’ అంటే చూస్తున్నది ఎవరు? ఒంటరిగా తిరిగే మనిషి వెనుక ఎవరున్నారు?


తూర్పుకిటికీ
శనివారం, ఉదయం 9:15

గోదారిగట్టు గారూ, నేను హిరోషిమాలో ఆరేళ్ళుగా ఉంటున్నాను. నా జపనీస్ పండితుల జపనీస్ కాదు కానీ, ఈ హైకూ ఇక్కడివారికి బాగా తెలిసినదే. ‘ఉషిరోసుగతా నో షిగురెతే యుకు కా.’ మూలం ఇంతే.

‘ఉషిరోసుగతా’ అంటే వెనుక నుంచి కనిపించే ఆకారం. దానికి ఈ భాషలో ఒకే మాట ఉంది. మనకు ‘వీపు’ ఉంది, అయితే అది ఒంట్లో భాగమే. ఈ మాటలో వెళ్ళిపోతున్న మనిషి మొత్తం ఉంటాడు, భుజాలు వాలిపోవడం, నడక, గొడుగో టోపీనో అన్నీ కలిసి. రైల్వే స్టేషన్‌లో పిల్లల్ని సాగనంపే తల్లిదండ్రులు ఈ మాట వాడడం నేను విన్నాను.

‘షిగురె’ శరత్తు చివర, చలికాలం మొదట్లో పడే జల్లు. కాసేపు పడుతుంది, ఆగుతుంది, మళ్ళీ పడుతుంది. సంతోకా దాన్ని క్రియగా వాడాడు. ఆ ఆకారం జల్లులో తడవడం ఒక్కటే కాదు, తానే జల్లు అవుతూ పోతోంది. చివర ఉన్న ‘కా’ ప్రశ్న.

ఇంకొక సంగతి. తన సంపుటిలో ఈ హైకూకు ఆయన ఒక శీర్షిక పెట్టాడు. ‘స్వీయ పరిహాసం’ అని దాని అర్థం. దానికి ముందు చిన్న వివరణ కూడా ఉంది: 1931లో కుమమోతో నగరంలో స్థిరపడాలని ప్రయత్నించాను, ఎంత చేసినా కుదురుకోలేకపోయాను, మళ్ళీ ప్రయాణం మీద ప్రయాణమే అని. అంటే ఇది లోకాన్ని జయించిన సన్యాసి మాట కాదు. ఉండిపోదామని చూసి ఉండలేకపోయిన మనిషి మాట.


పాతపుస్తకం
శనివారం, మధ్యాహ్నం 12:30

చర్చకు అడ్డం వస్తున్నందుకు మన్నించండి. ఇది హైకూ ఎలా అయింది? 1990లలో తెలుగులో హైకూ వెల్లువలా వచ్చినప్పుడు మేము రాత్రుళ్ళు కూర్చొని అయిదు, ఏడు, అయిదు అక్షరాలు లెక్కపెట్టి రాశాం. ఒక అక్షరం ఎక్కువైతే మొత్తం కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. ఆ క్రమశిక్షణ వల్లనే మాటల పొదుపు నేర్చుకున్నాను. ఈయన లెక్క వదిలేశాడు. చాలా వాటిలో ఋతువును తెలిపే మాట కూడా వదిలేశాడు. రెండూ వదిలేశాక మిగిలేది డైరీలో ఒక వాక్యం. ఆయన బాధ గొప్పదే కావచ్చు. బాధ గొప్పదైనంత మాత్రాన పద్యం గొప్పది కాదు.


తూర్పుకిటికీ
శనివారం, మధ్యాహ్నం 1:50

పాతపుస్తకం గారూ, మీ ప్రశ్న ఇక్కడ నూరేళ్ళకు పైగా నలుగుతోంది. ఒగివారా సెయిసెన్‌సుయి 1911లో ‘సోఉన్’ అనే పత్రిక మొదలుపెట్టాడు. లెక్క, ఋతుపదం రెండూ అక్కరలేదు, మనసు లయ చాలు అన్నది ఆ పత్రిక పట్టు. సంతోకా 1913 నుంచి దానిలో రాశాడు.

లెక్క తెలియక వదిలినవాడు మాత్రం కాదు. ఈ జల్లు హైకూను ధ్వనులతో లెక్కించండి: ఉ-షి-రో-సు-గ-త-నో ఏడు. షి-గు-రె-తే-యు-కు-కా ఏడు. జపాను ప్రాచీన పద్యంలో 5-7-5 తర్వాత వచ్చే చివరి రెండు పాదాలు ఏడు, ఏడే. అంటే ఇది పై సగం ఊడిపోయి, కింది సగం మిగిలిన పద్యంలా ఉంటుంది. నాకు ఈ సంగతి తెలిసిన రోజున చాలాసేపు మరో పని చేయలేకపోయాను. ముందు మాట ఎవరిదో తెలియదు, జవాబు ఒక్కటే మిగిలింది.

1926లో బయల్దేరిన కొత్తలో రాసినది చూడండి:

చీల్చుకొని వెళ్ళినా
చీల్చుకొని వెళ్ళినా
పచ్చని కొండలే

మూలంలో ఇది 6-6-5. కూడితే పదిహేడు! మొత్తం సరిపోయింది, అడుగులు మాత్రం మారాయి. కొండదారి ఎక్కేటప్పుడు అదే అడుగు మళ్ళీ వేసినట్టు.


గోదారిగట్టు
శనివారం, మధ్యాహ్నం 2:20

‘పచ్చని’ అన్నారు. మూలంలో ‘ఆఓయి’ కదా? అది నీలానికీ ఆకుపచ్చకూ రెండింటికీ వాడతారని చదివాను. మన పచ్చకూ ఇద్దరు యజమానులున్నారు, ఆకూ పసుపూ. దూరపు కొండ నీలం, దగ్గరి కొండ ఆకుపచ్చ. వాళ్ళ మాటలో రెండూ ఉన్నాయి. మన మాటలో దూరం పోయింది.


వేపచెట్టునీడ
శనివారం, రాత్రి 8:05

నేను ఇక్కడ ఎక్కువగా చదివే మనిషినే, రాసేది తక్కువ. ఈ రోజు ఊరుకోలేకపోతున్నాను.

సకినో గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. 1909లో ఆయన్ని పెళ్ళి చేసుకున్న మనిషి. 1910లో కొడుకు కెన్ పుట్టాడు. సారా బట్టీ దివాలా తీశాక 1916లో పుట్టినూరు వదిలి కుమమోతోలో పాతపుస్తకాల దుకాణం పెట్టారు. ఆ దుకాణాన్ని నడిపింది ఎవరు? ఆయన 1919లో టోక్యో వెళ్ళిపోయాడు. 1920లో విడాకులు. తర్వాత కూడా కాళ్ళు అరిగినప్పుడల్లా, డబ్బు అయిపోయినప్పుడల్లా ఆ దుకాణం గుమ్మంలోకే వచ్చాడు. కొడుకు పెద్దవాడై తండ్రికి డబ్బు పంపాడు.

మా మేనమామ మా ఇంట్లో అందరికంటే చదువుకున్నవాడు. నాకు పదకొండేళ్ళప్పుడు సంచి భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. తిరువణ్ణామలైలో చూశామని ఒకరు, హరిద్వార్‌లో చూశామని ఒకరు చెప్పేవారు. ఊళ్ళో అందరూ ‘వైరాగ్యం’ అని గౌరవంగా అనేవారు. మా అత్తయ్య మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఆమె చేసినదానికి ఎవరూ పేరు పెట్టలేదు.

అందుకే గోదారిగట్టు గారి ప్రశ్న నాకు ప్రశ్నలా అనిపించలేదు. ఆ వీపును చూసినది గుమ్మంలో నిలబడిన మనిషి. ఇంకెవరు చూస్తారు?


మందులచీటీ
శనివారం, రాత్రి 10:40

వేపచెట్టునీడ గారి మాట నన్ను కదిలించింది. నేను ప్రభుత్వ వైద్యుడిని. తాగుడు మానలేనివారిని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. ఆయన్ని సమర్థించడం కోసం రాయడం లేదు.

1892 మార్చిలో, ఆ పిల్లవాడికి పదేళ్ళు కూడా నిండకముందు, తల్లి ఫుసా ఇంటి బావిలో దూకి చనిపోయింది. శవాన్ని పైకి తీసేటప్పుడు పిల్లవాడు చూశాడు. 1918లో తమ్ముడు కూడా ప్రాణం తీసుకున్నాడు. 1924 డిసెంబరులో తాగి కుమమోతో వీధిలో ట్రాముకు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. ఆ ఊళ్ళో ట్రాము మొదలై అప్పటికి నాలుగు నెలలే. బండి ఆగింది. జనం మూగారు. ఎవరో ఆయన్ని ఠాణాకు కాకుండా హోఓన్-జి అనే జెన్ ఆలయానికి తీసుకెళ్ళారు. గురువు మోచిజుకి గియాన్ తిట్టలేదు, కారణం అడగలేదు, అన్నం పెట్టి ఉండనిచ్చాడు. మా వృత్తిలో ఇంతకంటే మంచి వైద్యం నేను చూడలేదు.

అయినా తాగుడు పోలేదు. 1935లో నిద్రమాత్రలు మింగి మళ్ళీ చావబోయాడు. ఆ రోగం సన్యాసంతో తగ్గదు, కవిత్వంతో తగ్గదు. రోజూ భిక్షలో వచ్చిన నాణేలు సాయంత్రానికి సారా అయ్యేవి, ఉదయానికి పశ్చాత్తాపం అయ్యేవి, అది డైరీలోకి వెళ్ళేది. నా దగ్గరికి వచ్చేవారి ఇళ్ళలో కూడా అదే క్రమం. డైరీ ఒక్కటే ఉండదు.


గోదారిగట్టు
ఆదివారం, ఉదయం 5:55

రాత్రి నిద్ర పట్టలేదు. వేపచెట్టునీడ గారూ, మీరు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా. సంతోకా దగ్గర కూడా లేదు. ఆయన హైకూ ఒకటి:

దారికి రాని నేను
నడుస్తున్నాను

మూలంలో ‘దో షియో మో నాయి వతషి’, ఏ విధంగానూ బాగుచేయడానికి వీలులేని నేను అని. మన ‘దారికి రాని’ దానికి సరిపోయిందని నాకు అనిపించింది.


పాతపుస్తకం
ఆదివారం, ఉదయం 8:30

సరిపోవడం అటుంచి, ఎక్కువైంది. మూలంలో దారి లేదు. మీరు నుడికారంలో దారిని తెచ్చి నడకతో ముడిపెట్టారు. చమత్కారం బాగుంది, అయితే చమత్కారం ఈ కవికి సరిపడదు. ‘ఎందుకూ కొరగాని నేను నడుస్తున్నాను’ అనండి. అంత మోటుగానే ఉండాలి.

(ఇంకొక మాట. 7-7 లెక్క నాకు తెలియదు. నిన్నటి నా మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.)


నల్లరేగడి
ఆదివారం, ఉదయం 10:10

పెద్దలకు నమస్కారం. భిక్ష గురించి చెప్పాలని ఉంది. అది అర్థం కాకుండా ఈయన ఒంటరితనం అర్థం కాదని నా నమ్మకం.

మా తాతగారు మధూకరం చేసి చదువుకున్నారు. ఏ ఇంటి ముందు ఎంతసేపు నిలబడాలి, పలకకపోతే ఎప్పుడు కదలాలి, ఏ ఇల్లాలు విసుక్కున్నా పెడుతుంది, ఏ ఇల్లాలు నవ్వి పంపేస్తుంది అని చిన్నప్పుడు మాకు చెప్పేవారు. అడుక్కునేవాడు ఊరిని చూసినట్టు ఊళ్ళో ఉండేవాడు కూడా చూడడు అనేవారు.

సంతోకాదీ అదే బతుకు. పొద్దున్న ఇంటింటి ముందు నిలబడి బౌద్ధ సూత్రం చదువుతాడు. పిడికెడు బియ్యమో ఒక నాణెమో పాత్రలో పడుతుంది. రాత్రికి పేదల సత్రంలో పడుకోవాలి, దానికి డబ్బు కట్టాలి. డైరీలో ప్రతి రోజూ ముందు వరసలో ఊరు, సత్రం పేరు, అద్దె, దాని స్థాయి ఉంటాయి. ముప్పై అయిదు సేన్లు, మధ్యమం. మరొక చోట ముప్పై అయిదు, ఉత్తమం. సేను అంటే యెన్‌లో నూరో వంతు. ఆ సత్రాల్లో ఒకే గదిలో మందులమ్మేవాళ్ళు, యాత్రికులు, ఊరూరా తిరిగే ఇంకా ఎందరో. మూడేసి, నాలుగేసి పడకలు. గురకలు, తగాదాలు, నల్లులు. ఆయన ఏకాంతంలో బతకలేదు! నలుగురి మధ్య నిద్రపట్టక బతికాడు. అడవిలో మునిలాగా ఊహించుకుంటే పొరపాటు.

1930 సెప్టెంబరులో అంతవరకు రాసిన డైరీలన్నీ కాల్చేసి మళ్ళీ బయల్దేరాడు. ‘కాల్చేసిన డైరీ బూడిద, ఇంతేనా’ అని ఒక హైకూ. కాల్చిన మనిషి మరుక్షణం కొత్త డైరీ మొదలుపెట్టాడు. దానిలో ఒక చోట తన కాళ్ళతో మాట్లాడతాడు: నీరు పారుతుంది, మబ్బు కదులుతుంది, గాలి వీస్తే ఆకు రాలుతుంది, అలాంటప్పుడు రెండు కాళ్ళల్లారా, నడవగలిగినంత నడవండి, పోగలిగినంత దూరం పోండి అని. ఇది చదివి నేను పుస్తకం మూసేశాను. మాట్లాడడానికి కాళ్ళు తప్ప ఎవరూ లేరు.

ఆయన హైకూల్లో నాకు ప్రాణం అయినది ఇది:

ఇనుప భిక్షాపాత్ర
అందులోకి కూడా
వడగళ్ళు

మన వడగళ్ళంత పెద్దవి కావట, చిన్న గింజల్లాంటివి. చెవి పెట్టి వినండి. పొద్దుటినుంచి ఆ పాత్రలో టపటపమని చప్పుడు ఎప్పుడు వచ్చింది? బియ్యం పడినప్పుడు. ఇప్పుడు మళ్ళీ అదే చప్పుడు.


తూర్పుకిటికీ
ఆదివారం, ఉదయం 10:45

నల్లరేగడి గారూ, ఆ చిన్న వడగళ్ళను ‘అరారె’ అంటారు. అదే పేరుతో జిగురు బియ్యంతో చేసే చిరుతిండి ఒకటి ఉంది. ఇక్కడ ప్రతి దుకాణంలో దొరుకుతుంది. మీరు విన్న చప్పుడు ఆ మాటలోనే ఉంది.


కొత్తచిగురు
ఆదివారం, మధ్యాహ్నం 3:00

నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఒక సందేహం. ‘కాకి అరిచింది, నేను కూడా ఒంటరిని’ అన్న హైకూ కూడా ఈయనదే కదా? మా అమ్మమ్మ ఇంట్లో కాకి అరిస్తే చుట్టాలు వస్తారని బియ్యం ఇంకో పిడికెడు ఎక్కువ పోసేవారు. అందువల్ల నాకు మొదట సంతోషంగా అర్థమైంది. ‘కూడా’ అన్నారు కదా, ఎవరితో పాటు?


గోదారిగట్టు
ఆదివారం, సాయంత్రం 4:15

చిగురూ, చాలా మంచి ప్రశ్న అమ్మా. ఆ ‘కూడా’ కాకితో పాటు మాత్రమే కాదు. ఒజాకి హోసై అని ఇంకొక కవి. సంతోకా కంటే రెండేళ్ళు చిన్న, అదే ‘సోఉన్’ పత్రికలో రాసేవాడు. టోక్యోలో న్యాయశాస్త్రం చదివి బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి, తాగుడుతో అంతా పోగొట్టుకొని, షోదోషిమా దీవిలో ఒక ఆలయం వారి గుడిసెలో చేరాడు. క్షయతో బాధపడుతూ రాసినది: ‘దగ్గినా ఒంటరినే.’ అంతే, మొత్తం కవిత అదే. 1926 ఏప్రిల్‌లో పోయాడు. సంతోకా ప్రయాణం మొదలుపెట్టినది అదే నెల. హోసై కవితకు బదులుగా రాశానని ముందుమాట పెట్టి మరీ ఆ కాకి హైకూ రాశాడు.

‘కూడా’ అనగానే ఒంటరివాళ్ళు ఇద్దరయ్యారు. కొన్నేళ్ళ తర్వాత సంతోకా మళ్ళీ రాశాడు: ‘దగ్గు ఆగదు, వీపు తట్టే చేయి లేదు.’ హోసై దగ్గే ఈయన గొంతులోకి వచ్చింది. మళ్ళీ వీపు. ఈసారి చూసేవారే కాదు, తట్టేవారు కూడా లేరు.

మీ అమ్మమ్మగారు ఎక్కువ పోసిన పిడికెడు బియ్యం ఆ కాకి హైకూ పక్కన నాకు ఇక ఎప్పటికీ గుర్తుంటుంది.


పాతపుస్తకం
ఆదివారం, రాత్రి 9:20

బషోను పక్కన పెట్టి చూద్దాం. సంచార హైకూ కవి అంటే మొదట ఆయనే కదా. 1687లో ప్రయాణానికి బయల్దేరుతూ బషో రాసినది:

బాటసారి
అని నన్ను పిలుస్తారిక
తొలి జల్లు

ఇదీ ‘షిగురె’యే. అదే వాన. బషోకు శిష్యులు వీడ్కోలు విందులు చేశారు. 1689లో ఉత్తరాది ప్రయాణానికి సోరా అనే శిష్యుడు వెంట నడిచాడు. ఊరూరా ఆయన కోసం ఎదురుచూసే కవులున్నారు. ఆయన ఒంటరితనం ఒక సంప్రదాయంలో కూర్చుంది, దానికి ఆసనం ఉంది. ‘పిలుస్తారు’ అనగలిగాడు, పిలిచేవారున్నారు కనుక. 1694లో, చనిపోయిన ఏడాది శరత్తులో మాత్రం ‘ఈ దారిన పోయేవారు ఎవరూ లేరు, శరత్సంధ్య’ అన్నాడు.

సంతోకా 240 ఏళ్ళ తర్వాత అదే వానలోకి వచ్చాడు. ముందు నుంచి పిలిచేవారు లేరు. వెనుక నుంచి చూసేవారు ఉన్నారో లేదో అని ప్రశ్న. నిన్న నేను దీన్ని డైరీ వాక్యం అన్నాను. తప్పు. బషోకు ఇచ్చిన జవాబు ఇది.


మందులచీటీ
ఆదివారం, రాత్రి 9:50

జవాబు అన్నారు చూడండి, ఒప్పుకుంటాను. అయితే స్నేహితులు ఈయనకూ ఉన్నారు. బొగ్గు గనిలో వైద్యుడు కిమురా ర్యోకుహెయి డబ్బు పంపాడు, అప్పులు తీర్చాడు, నిండిన డైరీలన్నీ దాచాడు. ఆయన కూడా కవే, పిచ్చుకల మీద ఎన్నో హైకూలు రాశాడు. ఈ రోజు మనం చదువుతున్న డైరీలు ఆ వైద్యుడి ఇంట భద్రంగా ఉండబట్టే మిగిలాయి.


తూర్పుకిటికీ
సోమవారం, రాత్రి 7:30

నిరుడు ఆయన చివరి ఇల్లు చూడడానికి మత్సుయామా వెళ్ళాను. హిరోషిమా రేవు నుంచి పడవలో సముద్రం దాటాలి. ఆధునిక హైకూకు ఆద్యుడైన కవి షికి పుట్టిన ఊరు కనుక ఊరంతా హైకూలు వేయడానికి డబ్బాలు పెట్టారు, మన తపాలా డబ్బాల్లాగా. కుమమోతోలో లాగే అక్కడ కూడా ట్రాములు ఇంకా నడుస్తున్నాయి. చావబోయిన ఊళ్ళోనూ పోయిన ఊళ్ళోనూ అదే చప్పుడు.

ఇస్సోఆన్, అంటే ఒక్క గడ్డిపోచ కుటీరం. కొండ అడుగున ఒక ఆలయం పక్కన ఉంది. ఇప్పుడున్నది తర్వాత తిరిగి కట్టినది. 1939 డిసెంబరులో స్నేహితులు ఆయన్ని అందులో చేర్చారు. పది నెలలు ఉన్నాడు. తన కోరికలు రెండే అని డైరీలో రాసుకున్నాడు: నిజంగా తనదైన హైకూ రాయడం, ఎవరికీ భారం కాకుండా పుటుక్కున పోవడం.

1940 అక్టోబరు 2 రాత్రి సంగతి చెబుతాను. బయట తిరిగి వస్తుంటే ఒక తెల్లకుక్క వెంటపడింది. దాని నోట పెద్ద బియ్యపు రొట్టె ఉంది. అది ఎక్కడిదో, ఎవరిదో తెలియదు. కుక్క దాన్ని వదిలితే ఆయన తీసుకొని తిన్నాడు. మిగిలిన ముక్క ఎక్కడినుంచో వచ్చిన తెల్లపిల్లికి పెట్టాడు. డైరీలో ఆ కుక్కకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు, కుక్క చేత భిక్ష పొందానని ఆశ్చర్యపోయాడు. పద్నాలుగేళ్ళు ఇంటింటికీ చాచిన పాత్రలో చివరికి ఒక కుక్క భిక్ష వేసింది.

10వ తేదీ రాత్రి ఆ కుటీరంలోనే హైకూ గోష్ఠి జరిగింది. ఆయన తాగి పక్కగదిలో పడుకొని ఉన్నాడు. అలవాటైన నిద్రే అనుకొని, లేపడం ఎందుకని అందరూ ఇళ్ళకు వెళ్ళారు. 11 తెల్లవారకముందే పోయాడు. 57 ఏళ్ళు. గోడ అవతల స్నేహితులు కవితలు చదువుకుంటున్నారు. ఆ గది చిన్నదండి, చాలా చిన్నది. అవతలి మాట ఇవతలికి వినిపించక తప్పదు. బయట నిలబడి అదే ఆలోచించాను, విన్నాడా అని.


వేపచెట్టునీడ
సోమవారం, రాత్రి 11:10

మీరంతా రాసినవి చదివాను. కోపం పూర్తిగా పోలేదు, పోనివ్వను కూడా. కానీ ఒకటి చెప్పాలి.

ఆయన చనిపోయిన తల్లి స్మారక ఫలకాన్ని సంచిలో పెట్టుకొని తిరిగాడని చదివాను. 1938లో ఆమె వర్ధంతినాడు, ఇంట్లో ఏమీ లేక, ఉడాన్ సేమియాలు ఫలకం ముందు పెట్టి ఇలా రాశాడు:

ఉడాన్ నివేదించి
అమ్మా, నేను కూడా
ప్రసాదం తీసుకుంటున్నాను

1940లో వచ్చిన సంపుటిని కూడా ఆమెకే అంకితం ఇచ్చాడు, చిన్నవయసులోనే మృత్యువు వైపు తొందరపడి వెళ్ళిన అమ్మకు అని.

గోదారిగట్టు గారూ, మీ హైకూను నా నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఒక మాట మార్చాను. ‘ఆకారం’ అన్నాం కదా, అప్పుడు క్రియ ‘పోతోంది’ అవుతుంది. అతడూ కాదు, నేనూ కాదు, మీ చిక్కు తీరిపోయింది అనుకున్నాను.

వెనుక నుంచి ఆ రూపు
జల్లు అవుతూ
వెళ్ళిపోతోందా

రాసి చదువుకున్నాక ఒళ్ళు జలదరించింది. మన భాషలో ‘వెళ్ళిపోతోంది’ అంటే ఒక ఆమె కూడా. ఇంటి వెనక్కి, బావి వైపు నడిచి వెళ్ళిన మనిషిని పదేళ్ళు నిండని పిల్లవాడు వెనుక నుంచే చూసి ఉంటాడు కదా, ఆ రోజు కాకపోతే అంతకుముందు ఎన్నో రోజులు.


గోదారిగట్టు
మంగళవారం, ఉదయం 5:30

అమ్మా, ఇది నేను మూడు వారాలు వెతికినా దొరకనిది.


తూర్పుకిటికీ
మంగళవారం, ఉదయం 7:05

జపనీస్‌లో ఆమె, అతడు, అది అన్న తేడా క్రియలో లేదు. కాబట్టి మూలం ఈ అర్థాన్ని చెప్పదు, అడ్డుకోదు కూడా. శీర్షిక ‘స్వీయ పరిహాసం’ కనుక కవి ఉద్దేశం తన వీపే, అందులో సందేహం లేదు. అయినా ఈ తెలుగు నాకు వదలబుద్ధి కావడం లేదు.


పాతపుస్తకం
మంగళవారం, ఉదయం 8:40

‘జల్లు అవుతూ’ కొంచెం తడబడుతోంది. ‘జల్లై’ అని చూడండి. వెనుక నుంచి ఆ రూపు, జల్లై వెళ్ళిపోతోందా. ‘పోతోందా’ను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు.


వేపచెట్టునీడ
మంగళవారం, ఉదయం 9:00

‘జల్లై’ బాగుంది. మార్చుకున్నాను. ఇది మా అత్తయ్యకు చదివి వినిపిస్తాను. హైకూ అని చెప్పను, ఊరికే చదువుతాను.


కొత్తచిగురు
మంగళవారం, మధ్యాహ్నం 1:15

తూర్పుకిటికీ గారూ, హోఫులో ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు ఉందా? ఆ బావి?


తూర్పుకిటికీ
మంగళవారం, రాత్రి 8:20

ఇల్లు ఆయన బతికుండగానే పోయింది. తిరిగి వెళ్ళి చూసి రాసినది ఉంది:

పుట్టిన ఇంటికి
ఆనవాలు కూడా లేదు
మిణుగురులు

ఆ ఊళ్ళో 2017లో ఆయన పేరిట ఒక ప్రదర్శనశాల తెరిచారు. నేను ఇంకా చూడలేదు. నవంబరు చివర సెలవు దొరుకుతుంది, జల్లులు పడే రోజులు కూడా అవే. వెళ్ళి వచ్చి ఇక్కడే రాస్తాను. మీరెవరైనా ప్రత్యేకంగా ఏమైనా చూసి రమ్మంటే ఇప్పుడే చెప్పండి.